అమ్మానాన్నల మందులకు ఫోన్ ఎంతవరకు పనికొస్తుంది

మీరు బెంగళూరు బెళ్లందూరులో ఉంటున్నారు. 66 ఏళ్ల అమ్మగారికి షుగర్, బీపీ, థైరాయిడ్. 72 ఏళ్ల నాన్నగారికి పోయినేడు గుండెకు స్టెంట్ వేశారు. ఏడాదిలో కొన్ని నెలలు మీ దగ్గర, మిగతా నెలలు కడప దగ్గర సొంతూళ్లో ఉంటారు. ఇద్దరి ఫోన్లలోనూ మందుల రిమైండర్ ఆప్ వేసి పెడితే నెల తిరక్కుండానే దాన్ని పట్టించుకోవడం మానేశారు. ఇంతకంటే మంచి ఆప్ ఏదైనా ఉందా అని మీ ప్రశ్న.

నేను బెంగళూరులోనే ఒక ఆసుపత్రిలో క్లినికల్ ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. డిశ్చార్జ్ అయ్యేవాళ్లకు మందులు ఎలా వాడాలో చెప్పి పంపడం, మళ్లీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు నిజంగా ఎలా వాడారో కనుక్కోవడం నా పని. అనంతపురం, హిందూపురం, మదనపల్లె వైపు నుంచి వైద్యానికి ఇక్కడికి వచ్చే తెలుగువాళ్లు చాలామంది. కాబట్టి మీ ఇంటి పరిస్థితి నాకు బాగా తెలిసినదే.

ఆప్ మార్చినంత మాత్రాన పెద్దగా ఏమీ మారదు. అలారం మరుపుకు మాత్రమే మందు. మీ అమ్మగారు మరిచిపోతున్నారని మీరు అనుకుంటున్నారు. కావాలనే మానేస్తున్నారేమో ముందు చూడండి. ఈ రెండింటికీ చేయాల్సిన పనులు పూర్తిగా వేరు.

పెద్దవాళ్లు మందు మానేయడానికి నేను తరచూ వినే కారణాలు చెబుతాను. షుగర్‌కిచ్చే మెట్‌ఫార్మిన్ వేసుకుంటే కడుపులో తిప్పుతోందని. బీపీకి వేసుకునే ఆమ్లోడిపిన్ వల్ల పాదాలు వాస్తున్నాయని. నీరు పోవడానికిచ్చే మాత్ర వేసుకుంటే దారిలో బాత్‌రూమ్ దొరకదని, ప్రయాణం ఉన్న రోజు దాన్ని పక్కన పెడతారు. కొలెస్ట్రాల్ మాత్ర లివర్‌ని పాడుచేస్తుందని ఎవరో వాట్సాప్‌లో పంపారు. షుగర్ రిపోర్టు నార్మల్ వచ్చింది కదా, ఇంకా ఎందుకని. నెలాఖరులో కొడుకుని డబ్బులు అడగడం ఇష్టం లేక రోజుకు రెండు వేసుకోవాల్సింది ఒకటితో సరిపెడతారు. వీటిలో ఏ ఒక్కటీ అలారంతో తీరేది కాదు. మాత్ర మార్చడమో, వేసుకునే వేళ మార్చడమో, జనరిక్ (బ్రాండు పేరు లేకుండా తక్కువ ధరకు దొరికే అదే మందు) రాయించుకోవడమో, నెమ్మదిగా కూర్చుని భయం పోగొట్టడమో చేయాలి. అంటే విషయం డాక్టరు దాకా చేరాలి. ఫోన్ అసలు ఉపయోగం అక్కడుంది.

మీ అమ్మానాన్నల మీద విసుక్కోకండి. దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్లలో చెప్పినట్టు మందులు వాడేవాళ్లు అభివృద్ధి చెందిన దేశాల్లో కూడా సగటున సగం మందేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లోనే తన నివేదికలో చెప్పింది.

రిమైండర్లు ఎంతవరకు పనిచేస్తాయన్నది పరిశోధకులు గట్టిగానే పరీక్షించారు. హెచ్‌ఐవీ మందులు జీవితాంతం రోజూ వేసుకోవాలి, డోసులు తప్పితే వైరస్ మందుకు లొంగకుండా పోతుంది. అందుకే ఫోన్ రిమైండర్ల మీద పెద్ద అధ్యయనాలు ఆ జబ్బులో తొందరగా జరిగాయి. బెంగళూరులోని సెయింట్ జాన్స్ వైద్య సంస్థ పరిశోధకులు పాల్గొన్న ఒక అధ్యయనం 2014లో బీఎమ్‌జే అనే వైద్య పత్రికలో వచ్చింది. దక్షిణ భారతంలో మూడు కేంద్రాల్లో 631 మందిని తీసుకుని, సగం మందికి వారం వారం ఆటోమేటిక్ ఫోన్ కాల్, దానితోపాటు బొమ్మతో ఒక మెసేజ్ పంపారు. దాదాపు రెండేళ్ల తర్వాత చూస్తే, మందు పనిచేయకుండా పోవడంలో ఫోన్ వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ తేడా కనబడలేదు.

దానికి నాలుగేళ్ల ముందు, 2010లో, కెన్యాలో 538 మంది మీద చేసిన అధ్యయనం లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఇదీ హెచ్‌ఐవీ రోగుల మీదే. అక్కడ మందు వేసుకోమని గుర్తు చేయలేదు. క్లినిక్ నుంచి వారానికోసారి 'ఎలా ఉన్నారు?' అని వాళ్ల భాషలో ఒక చిన్న మెసేజ్ పంపేవాళ్లు. రోగి 48 గంటల్లోగా 'బాగున్నాను' అనో 'ఇబ్బందిగా ఉంది' అనో జవాబివ్వాలి. ఇబ్బంది అన్నవాళ్లకూ, అసలు జవాబే ఇవ్వనివాళ్లకూ క్లినిక్ నుంచి మనిషే ఫోన్ చేసేవారు. మందులు సరిగా వాడినవాళ్లు మెసేజ్ లేనివాళ్లలో 50 శాతం, మెసేజ్ అందినవాళ్లలో 62 శాతం. వైరస్ అదుపులో ఉన్నవాళ్లు కూడా పెరిగారు. రెండు దేశాల్లో రోగుల పరిస్థితులు వేరు కాబట్టి తేడా అంతా దాని వల్లనే అని నేను తేల్చేయను. కానీ నేను రోజూ చూసేదానితో ఇది సరిగ్గా కలుస్తుంది. అవతల జవాబు వినే మనిషి ఉన్నప్పుడు ఫోన్ పనిచేస్తుంది. గంట కొట్టి ఊరుకునే ఫోన్‌ను మూడో వారానికి ఎవరూ పట్టించుకోరు.

మన ఊళ్లో పుట్టిన 99డాట్స్ గురించి కూడా చెప్పాలి. క్షయ రోగులు రోజూ మందు వేసుకున్నారో లేదో ఫోన్ ద్వారా నమోదు చేసే ఏర్పాటు అది. బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాలో మొదలై, ఎవర్‌వెల్ అనే సంస్థ ద్వారా దేశ క్షయ నివారణ కార్యక్రమంలోకి వెళ్లింది. మాత్రల స్ట్రిప్ చుట్టూ ఒక అట్ట కవరు ఉంటుంది. మాత్రను నొక్కి బయటికి తీస్తేనే దాని వెనక దాగిన ఫోన్ నంబర్ కనబడుతుంది. ఏ మాత్ర వెనక ఏ నంబరు ఉందో ముందుగా తెలియదు. ఆ నంబరుకు ఫోన్ చేస్తే పైసా ఖర్చు లేకుండా ఆ రోజు డోసు నమోదవుతుంది. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, చదువు అక్కర్లేదు, మిస్డ్ కాల్ ఇవ్వడం వస్తే చాలు. ఇంత తెలివైన, ఇంత చవకైన ఏర్పాటు నేను మరొకటి చూడలేదు. అయినా చెన్నై, వెల్లూరు, ముంబైలలో చెప్పకుండా రోగుల ఇళ్లకు వెళ్లి, మూత్రంలో క్షయకిచ్చే ఐసోనియాజిడ్ మందు ఆనవాళ్లున్నాయో లేదో పరీక్షించి పోల్చితే, ఫోన్ లెక్కకూ వాస్తవానికీ చాలా తేడా కనిపించింది. మందు వేసుకుని కాల్ చేయనివాళ్లున్నారు. వేసుకోకుండానే వేసుకున్నట్టు నమోదైనవాళ్లూ ఉన్నారు. కాబట్టి మీ ఆప్‌లో కనబడే పచ్చ టిక్కును చూసి నిశ్చింతగా ఉండకండి, కనబడలేదని కంగారూ పడకండి. ఆ టిక్కు ఆరా తీయడానికి ఒక కారణం, అంతవరకే.

ఇంకో ఉదాహరణ. అధిక రక్తపోటు నియంత్రణకు 2017లో మొదలైన జాతీయ కార్యక్రమంలో కొన్ని రాష్ట్రాల్లో వాడే 'సింపుల్' అనే ఆప్ రోగి ఫోన్‌లో ఉండదు, ఆరోగ్య కేంద్రంలో నర్సు చేతిలో ఉంటుంది. రావాల్సిన తేదీకి రానివాళ్ల పేర్లు చూపిస్తుంది, నర్సు వాళ్లకు ఫోన్ చేస్తుంది. మీ ఇంట్లో ఆ నర్సు పని మీది. ఆప్ మీ అమ్మగారి ఫోన్‌లో ఉండటం కంటే, ఏం చూడాలో, ఎప్పుడు అడగాలో గుర్తుచేసే ఏర్పాటు మీ ఫోన్‌లో ఉండటం ఎక్కువ అవసరం.

అడిగే తీరు కూడా ముఖ్యం. 'మందు వేసుకున్నావా అమ్మా?' అంటే 'వేసుకున్నా నాన్నా' అనే జవాబు వస్తుంది. కొడుకును కంగారు పెట్టడం ఏ తల్లికీ ఇష్టం ఉండదు. దానికి బదులు వారానికోసారి, హడావుడి లేని వేళ, 'ఈ వారం ఏ మాత్రతోనైనా ఇబ్బందిగా ఉందా? ఏదైనా మానేద్దామనిపించిందా?' అని అడగండి. ఏం చెప్పినా కోప్పడకండి. ఒక్కసారి కోప్పడితే తర్వాతి వారం నిజం చెప్పరు. ఫోన్‌లో మాట్లాడటం కుదరని రోజుల్లో వాట్సాప్ వాయిస్ మెసేజ్ చాలు. టైప్ చేయడం రానివాళ్లు కూడా మైకు బొమ్మ నొక్కి రెండు ముక్కలు చెప్పగలరు. వాళ్లు చెప్పినదాన్ని తేదీ వేసి ఒకచోట రాసి ఉంచుకుంటే, డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు అదే అన్నిటికంటే విలువైన కాగితం.

ఇక ఇంట్లో చేయాల్సిన పని. అమ్మానాన్నలు ఇద్దరూ మీ దగ్గరున్నప్పుడు ఒక పూట కూర్చుని ఇంట్లో ఉన్న స్ట్రిప్‌లన్నీ మంచం మీద పరవండి. ఫ్రిజ్ మీదవి, ఊరి సంచిలోవి, హ్యాండ్‌బ్యాగులోవి, ఒక్కటీ వదలకుండా. మన దేశంలో ఒకే మందు పది పేర్లతో అమ్ముతారు. థైరోనార్మ్, ఎల్‌ట్రాక్సిన్ రెండూ థైరాయిడ్‌కిచ్చే లెవోథైరాక్సినే. టెల్మా, టెల్మికైండ్ రెండూ బీపీకిచ్చే టెల్మిసార్టానే. ఊళ్లో డాక్టరు ఒక పేరుతో, బెంగళూరు డాక్టరు ఇంకో పేరుతో రాస్తే, రెండూ వేరనుకుని రెండూ వేసుకునేవాళ్లున్నారు. మరుపు కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది ఇది. ఫోన్ ఇక్కడ బాగా పనికొస్తుంది. 2023 ఆగస్టు 1 నుంచి ఎక్కువగా అమ్ముడుపోయే 300 బ్రాండ్ల మందుల ప్యాకింగ్ మీద క్యూఆర్ కోడో బార్‌కోడో తప్పనిసరి చేశారు. ఆ కోడ్‌ను స్కాన్ చేస్తే జనరిక్ పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ తెలుస్తాయి. కోడ్ లేని స్ట్రిప్ అయితే వెనకవైపు ఫోటో తీసి పెద్దది చేసుకుని చదవండి. మాత్రలు ఎప్పుడూ గడువు తేదీ లేని చివర నుంచి వాడమని అమ్మగారికి చెప్పండి. పేరు, తేదీ ఉన్న ముక్క ముందే పోతే మిగిలింది ఏమిటో ఎవరికీ తెలియదు.

అలా అన్నీ చూశాక ఒక పట్టిక రాయండి: మందు అసలు పేరు, ఎంత మిల్లీగ్రాములు, దేనికి, ఎప్పుడు, ఏ డాక్టరు రాశారు. తెలుగులో పెద్ద అక్షరాలతో. చీటీ మీద ఉండే 1-0-1 అంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి అని. హెచ్‌ఎస్ అంటే పడుకునే ముందని. ఎస్‌ఓఎస్ అంటే అవసరమైతేనే అని చాలామందికి ఎవరూ చెప్పరు. ఇక్కడి మెడికల్ షాపులో కన్నడంలోనో హిందీలోనో గబగబా చెబితే మనవాళ్లు తల ఊపి వచ్చేస్తారు. పట్టిక తయారయ్యాక మీరు చదివి వినిపించడం కాదు, అమ్మగారినే ఒక్కో మాత్ర పట్టుకుని ఇది దేనికి, ఎప్పుడు వేసుకుంటానో చెప్పమనండి. ఆమె చెబుతుండగా ఫోన్‌లో వీడియో తీయండి. ఎక్కడ తడబడ్డారో అక్కడే తెలిసిపోతుంది. తప్పులు సరిచేశాక తీసిన వీడియోను ఆమె ఫోన్‌లోనే ఉంచండి. ఊళ్లో సందేహం వచ్చినప్పుడు తన గొంతులో తనే చెప్పింది వింటారు. పట్టిక ఫోటోను ఇద్దరి ఫోన్లలో, మీ ఫోన్‌లో, ఒక కాగితం ప్రతిని నాన్నగారి జేబులో ఉంచండి.

అప్పుడు అలారాల సంగతి. గడియారాన్ని బట్టి కాదు, వాళ్ల దినచర్యను బట్టి పెట్టాలి. లెవోథైరాక్సిన్ పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట దాకా ఏమీ తినకూడదు, కాఫీ కూడా తాగకూడదు. కాఫీ ఆ మందును ఒంటికి సరిగా పట్టనివ్వదు. మీ అమ్మగారు అయిదున్నరకే కాఫీ కలుపుకుంటే, ఆరింటికి మోగే అలారం వల్ల ప్రయోజనం లేదు. కాల్షియం, ఐరన్ మాత్రలకు దీనితో నాలుగు గంటల ఎడం ఉండాలి. పొద్దున అసలు కుదరదంటే రాత్రి భోజనమైన మూడు నాలుగు గంటల తర్వాత వేసుకునే పద్ధతి కూడా ఉంది, డాక్టరును అడిగి మార్చుకోవచ్చు.

షుగర్‌కు గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర ఉంటే ఇంకా జాగ్రత్త. అది తిండితో ముడిపడిన మందు. అలారం మోగింది కదా అని వేసుకుని, టిఫిన్ ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది. మనవాళ్లు శనివారం ఒక్కపొద్దు ఉంటారు, కార్తీక సోమవారాలు ఉపవాసం ఉంటారు, ఏకాదశి చేస్తారు. ఆప్‌కు ఇవేవీ తెలియవు. ఉపవాసం మానమని మీరు చెప్పినా ఆవిడ మానకపోవచ్చు. కాబట్టి ఉపవాసం రోజున ఏ మాత్ర వేసుకోవాలి, ఏది మానాలి, ఏది సగం చేయాలని డాక్టరును ముందే అడిగి, ఆ రోజులకు విడిగా రాసి పెట్టుకోండి. ఈ ఒక్క ప్రశ్న అడిగినవాళ్లు నాకు చాలా తక్కువగా తగిలారు. దయచేసి అడగండి.

ఇది మీ ఇంటికి వర్తించకపోయినా చదివేవాళ్ల కోసం చెబుతాను. కీళ్లవాతానికిచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజు మాత్రమే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఆప్‌లో కొత్త మందు చేర్చేటప్పుడు 'రోజూ' అని దానంతట అదే ఎంచుకుని ఉందేమో తప్పక చూడండి. సోమవారమో గురువారమో, ఏ రోజు వేసుకోవాలో ఆ రోజు పేరు స్ట్రిప్ మీద పెన్నుతో రాయండి.

వేసుకున్నానో లేదో గుర్తులేక రెండోసారి వేసుకోవడం పెద్దవాళ్లలో మామూలు. దీనికి ఆప్ కంటే ఏడు రోజుల గళ్లున్న మాత్రల డబ్బా మేలు. గడి ఖాళీగా ఉంటే వేసుకున్నట్టు. ఆదివారం నింపి ఒక ఫోటో తీసి మీకు పంపమనండి. ఫోటోలో మీరు ఒక్క చూపులో తప్పు పట్టగలరు. డబ్బాకు అన్నీ ఎక్కవు: ఇన్సులిన్ సరేసరి, తేమ తగలకూడదని రాసి ఉన్న మాత్రలను స్ట్రిప్‌లోనే ఉంచాలి. డబ్బా ఒక్కటే చాలనీ అనుకోవద్దు. అమెరికాలో 50 వేల మందికి పైగా రోగులకు ఇలాంటి చవకైన డబ్బాలు, టైమర్ ఉన్న సీసా మూతలు ఇచ్చి చూసిన అధ్యయనం 2017లో వచ్చింది. మందులు వాడటంలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. నేను దాన్ని సూచించేది రెండుసార్లు వేసుకోకుండా ఉండటానికి.

ఆప్ పేర్లు అడిగారు కాబట్టి చెబుతాను. ఐఫోన్ అయితే 2022లో వచ్చిన ఐఓఎస్ 16 నుంచి హెల్త్ ఆప్‌లోనే మందుల విభాగం ఉంది, వేరే ఏదీ అక్కర్లేదు. ఆండ్రాయిడ్‌లో మెడిసేఫ్ లాంటివి ఉన్నాయి. కానీ మీ అమ్మగారికి ఫోన్‌తోపాటు వచ్చే గడియారం ఆప్‌లోనే రెండు మూడు అలారాలు పెట్టి, 'పరగడుపు మాత్ర', 'టిఫిన్‌తో' అని తెలుగులో పేర్లు రాస్తే సరిపోతుంది. చాలా ఫోన్లలో రికార్డు చేసిన గొంతును అలారం శబ్దంగా పెట్టుకోవచ్చు. మనవరాలు పిలిస్తే పలికినంత వేగంగా ట్రింగుమనే శబ్దానికి ఎవరూ పలకరు. బయటి ఆప్ వేస్తే మాత్రం బ్యాటరీ సెట్టింగుల్లో దానికి పరిమితి తీసేయండి. బ్యాటరీ ఆదా కోసం కొన్ని ఫోన్లు వెనక నడుస్తున్న ఆప్‌లను ఆపేస్తాయి, అలారం మోగదు, తప్పు అమ్మగారి మీద పడుతుంది. నోటిఫికేషన్లకు, అలారాలకు అనుమతి ఇచ్చారో లేదో కూడా చూడండి.

నాన్నగారి విషయంలో నేను రోజువారీ అలారం కంటే ముందు నెలవారీ అలారం పెడతాను, అదీ మీ ఫోన్‌లో. స్టెంట్ వేసినవాళ్లకు ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి మందులు డాక్టరు చెప్పినన్నాళ్లూ ఆపకూడదు. మధ్యలో ఆపితే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టి మళ్లీ గుండెపోటు రావచ్చు. నేను చూసినంతవరకు ఇవి మరుపుతో కంటే సరుకు అయిపోయి ఆగడం ఎక్కువ. ఊరికి వెళ్లిన నాలుగో వారంలో స్ట్రిప్ అయిపోతుంది, పక్క ఊరి షాపులో ఆ పేరు లేదంటారు, బెంగళూరు వెళ్లాక తెచ్చుకుందాంలే అనుకుంటారు. కాబట్టి మాత్రలు పది రోజులకు సరిపడా మిగిలి ఉండగానే మీ ఫోన్ మీకు గుర్తుచేయాలి. షాపులో బ్రాండ్ లేకపోతే పట్టికలోని జనరిక్ పేరు, మిల్లీగ్రాములు చూపించమనండి. జన ఔషధి కేంద్రం దగ్గర్లో ఉంటే అక్కడ చాలా తక్కువ ధరకు దొరుకుతాయి. పన్ను పీకించుకోవాలని ఎవరైనా ఈ మాత్రలు ఆపమంటే, ముందు గుండె డాక్టరుకు ఫోన్ చేయకుండా ఆపొద్దని నాన్నగారికి గట్టిగా చెప్పండి.

ఊళ్లో ఉన్నప్పుడు ప్రతి చిన్న సందేహానికీ బెంగళూరు రానక్కర్లేదు. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం డాక్టర్లు ఫోన్‌లో, వీడియోలో సలహా ఇవ్వవచ్చు. ఇలా దూరం నుంచే డాక్టరుతో మాట్లాడించే ప్రభుత్వ సేవ ఈ-సంజీవని ఉచితం. మీ డాక్టరు ఫోన్ సలహా ఇస్తారో లేదో, ఎప్పుడు చేయాలో, ఎవరెత్తుతారో ఇప్పుడే కనుక్కుని నంబరు ముగ్గురి ఫోన్లలోనూ వేసుకోండి. చాలా ఆసుపత్రుల్లో నాలాంటి ఫార్మసిస్టులు ఉంటారు, మందుల వేళల గురించి, ఒకదానితో ఒకటి పడకపోవడం గురించి మమ్మల్ని అడగవచ్చు.

అమ్మగారి డోసులన్నీ మీ ఫోన్‌లో కనబడేలా పెట్టేముందు ఆవిడను అడగండి. తెలియకుండా పెట్టిన నిఘా తెలిసిన రోజున ఆవిడ ఫోన్‌నే పక్కన పెడతారు. కుటుంబం గ్రూపులో అందరి ముందూ 'ఈ రోజు వేసుకోలేదు' అని రాయకండి.

డోసు తప్పితే ఏం చేయాలో కూడా పట్టిక కింద రాసి ఉంచండి. చాలా మాత్రలకు, గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు. తర్వాతి డోసు వేళ దగ్గరపడితే వదిలేయాలి. రెండూ కలిపి ఎప్పుడూ వేసుకోకూడదు. షుగర్ మాత్ర, ఇన్సులిన్, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబడే మందు, వీటిలో ఏ డోసు మరిచిపోయినా సొంత నిర్ణయం తీసుకోకుండా డాక్టరును అడగాలి. చెమటలు పట్టి, వణుకు వచ్చి, కళ్లు తిరిగితే, గ్లూకోమీటరులో షుగర్ 70 కంటే తక్కువుంటే, మూడు నాలుగు చెంచాల చక్కెరో గ్లూకోజో నీళ్లలో కలిపి వెంటనే తాగాలి, పావుగంట తర్వాత మళ్లీ చూసుకోవాలి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు. నాన్నగారికి ఛాతీలో నొప్పి వస్తే మీకు వాయిస్ మెసేజ్ పెట్టి జవాబు కోసం ఎదురుచూడకూడదు. ముందు 108కి చేయాలి, మీకు ఆ తర్వాత. ఆ నంబరు కడపలోనూ బెంగళూరులోనూ పనిచేస్తుంది.